ఆ ఓకే నాది కాదు

"ఏం రాసినవే నా కొడుక్కు? నిజం చెప్పు! ఊకెనే అలుగుతడా వాడు?"

అత్త గంగాబాయి కేకకు బీడీలు చుడుతున్న పద్మలత చేతిలోని తునికాకు జారి చాటలో పడింది. మూడు శుక్రవారాలుగా మస్కట్ నుంచి రాజలింగు ఫోన్ చేయలేదు! ఈమె చేస్తే కట్ చేస్తున్నాడు. పెళ్ళైన ఆరేళ్ళలో ఒక్కనాడూ ఇలా జరగలేదు...

"నేనేం రాయలేదత్తమ్మా! నాకు ఇంగ్లీషు అక్షరాలు వస్తయా? వస్తే నాకీ గతెందుకు?" అంటూ కళ్ళు తుడుచుకుంది.

నిజానికి ఆ ఇంట్లోకి టచ్ ఫోన్ వచ్చిన నాటి నుంచీ ఆమెకు మనశ్శాంతి లేదు. 2013 ఎండాకాలంలో, ఊరికి వస్తున్న ఒక దోస్తు చేత తన పాత ఫోన్ పంపించాడు రాజలింగు. "వాట్సాప్ల రోజూ మాట్లాడుకుందాం" అన్నాడు. ఎంత మురిసిపోయిందో! కానీ అతను రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివిన పద్మలతకు తెలుగు తప్ప మరొకటి రాదు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఆడబిడ్డ సాయిలత దగ్గరికి పరుగెత్తాలి. ఇంటర్ చదివే ఆ పిల్ల చాప మీద బోర్లా పడుకుని, అన్న రాసిన మాటల్ని నవ్వుకుంటూ పైకి చదివేది. "'పద్మా, నిన్న కలలకొచ్చినవు' అంటున్నడు వదినా! ఏం రాయమంటవు?" పక్కన అత్త ముసిముసి నవ్వు! పద్మలత తల కొంగులో దాచుకునేది. "మంచిగున్న అని కొట్టు" అనేది. మనసులో వంద మాటలుండేవి... సెలవు రోజని శుక్రవారం ఫోన్ చేసినా అంతే, స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ వినేవారు. మొగుడితో తనకంటూ ఒక్క మాటైనా లేని బతుకు!

మూడు వారాల కిందట వచ్చిందొక పెద్ద మెసేజ్. నిండా ఖాళీ డబ్బాలే! వరుసగా, ఇటుకలు పేర్చినట్టు. సాయిలత చూసి, "అన్న చెయ్యి తలిగి పిచ్చి గీతలు పోయినట్టున్నయి" అని పక్కన పడేసింది. ఆ రోజు నుంచే రాజలింగు మూగవాడయ్యాడు.

ఇవాళ అత్త మాటలు పడ్డాక పద్మలతకు పట్టుదల వచ్చింది. ఫోన్ కొంగున కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఎల్లారెడ్డి పోయే బస్సెక్కింది. బస్టాండు పక్కన దివాకర్ మొబైల్ దుకాణం. అతను తెర చూసి నవ్వాడు.

"అక్కా, గివి పిచ్చి గీతలు గావు. తెలుగు అక్షరాలు! మీది పాత ఫోన్, గిండ్ల తెలుగు లేదు. అందుకే డబ్బాలు కనవడుతున్నయి. నా ఫోన్‌కు పంపుకుంట, ఆగుండ్రి."

పంపుకున్నాడు. ఒక్క అక్షరమైనా తను చదవకుండా ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "మీరే చదువుకోండ్రి" అని అటు తిరిగాడు. ఎంత సంస్కారం!

"పద్మా, ఇంకొకరితోని చదివించుకునే పని లేకుండ నువ్వే చదువుకోవాలని తెలుగు కొట్టుడు నేర్చుకున్న. రూంల సిద్ధార్థ నేర్పిండు. గీ నాలుగు మాటలకు రెండు దినాలు పట్టింది. కంపెనీవాళ్ళు మల్ల రెండేండ్లకు సంతకం పెట్టమంటున్నరు. నాకు ఉండబుద్ధి అయితలేదు. ఇంటి మీదికి మనసు గుంజుతున్నది. ఊర్లనే ఏదన్న పని చేసుకుంట. ఎల్లుండి దాక టైమున్నది. ఒక్కసారి రా అను, వచ్చేస్త. రా అనకుంటే సంతకం పెడత, సరేనా?"

పద్మలత గబగబా తన ఫోన్ చేతిలోకి తీసుకుంది. డబ్బాల కింద తన వైపు నుంచి వెళ్ళిన జవాబు ఉంది. రెండే అక్షరాలు!

"గిదేందన్నా?"

"ఓకే అని కొట్టిన్రు అక్కా. సరే అన్నట్టు."

అయ్యో! రమ్మంటావా అని అడిగితే సంతకం పెట్టుకొమ్మన్నట్టయిందా! దివాకర్ చేత అతని ఫోన్‌లో తెలుగులోనే రాయించి, తన ఫోన్ నుంచి పంపించింది: "ఇయ్యాలనే చదివిన. ఒక్కసారి ఫోన్ చెయ్యి, నీకు దండం పెడత."

ఇంటి గడప ఎక్కుతుండగానే ఫోన్ మోగింది. సాయిలత అలవాటుగా లాక్కుని స్పీకర్ పెట్టింది.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా?" రాజలింగు గొంతు పగిలినట్టుంది. "రమ్మంటవేమోనని రెండు దినాలు తిండి తినలే పద్మా! ఓకే అంటవా? నేను లేకున్నా నీకు నడుస్తదా?"

"ఆ ఓకే నాది కాదు!" అని అరిచింది పద్మలత. "నీ అక్షరాలు నాకు కనవడనే లేదయ్యా! డబ్బాలు వచ్చినయి..."

సాయిలత ముఖం పాలిపోయింది. "అన్నా... నేనే కొట్టిన. ఏదో ఒకటని కొట్టిన... వదినకు తెల్వదు!" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్త ముందు ఏనాడూ గొంతెత్తని పద్మలతకు ఇక సిగ్గు అడ్డురాలేదు. "రా! వచ్చెయ్యి! గంజి తాగుదాం, కలిసి ఉందాం! నాకు నువ్వు గావాలె!"



"సంతకం పెట్టిన పద్మా... పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరున్నది. రెండేండ్లు అయితేగాని ఇడువరు..."

రెండేళ్ళు! ఒక్క ఓకేకు రెండేళ్ళు! పద్మలత గోడకు జారగిలబడిపోయింది. ఎవరిని తిట్టాలి? ఏడుస్తున్న ఆ చిన్నపిల్లనా? ఆ ఫోన్‌నా?

గంగాబాయి మెల్లగా లేచింది. కొడుకు రావాలనుకున్నాడు! తాను మాత్రం ఈ పిల్లను ఎన్నెన్ని మాటలంది...

"సాయిలతా, గా స్పీకర్ బంద్ చెయ్యి," అంది. ఫోన్ తీసుకుని కోడలి చెవికి ఆనించింది. "మాట్లాడు బిడ్డా. నీ కడుపుల ఉన్నదంతా చెప్పుకో." బీడీల చాట చంకనెత్తుకుని, కూతురి రెక్క పట్టుకుని బయటికి నడిచి, తలుపు దగ్గరికి వేసింది.

పక్కింటి దేవవ్వ లోపలికి రాబోయింది. గంగాబాయి గడపకు అడ్డంగా కూర్చుని చాట ఒళ్ళో పెట్టుకుంది.

"జరసేపాగి రా దేవవ్వా. మా కోడలు మొగనితోని మాట్లాడుతున్నది."