ఇరవై ఏడో చానెల్

"నీ భార్య ఆచూకీ తెలిసింది," అన్నాడు బాస్, ఫైలు లోంచి తలెత్తకుండా. "శత్రువుల దగ్గర పనిచేస్తోంది."

ఎదుట కూర్చున్న ఏజెంట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆఫీసులో అతన్ని అందరూ 'చెవి' అంటారు. గోడ అవతలి గుసగుసలు కూడా పట్టే మొనగాడు. అలాంటివాడికి సొంత ఇంట్లో భార్య సూట్‌కేసు సర్దుకుంటున్న చప్పుడు వినబడలేదని చాటున నవ్వుకునేవాళ్ళూ ఉన్నారు. ఆమె వెళ్ళిపోయి మూడేళ్ళు. పోతూ ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు.

"పన్నెండింటికి రాయబారి శాంతి ఒప్పందం మీద సంతకం పెడతాడు. హాల్లో బాంబు ఉంది. వైర్‌లెస్ ట్రిగ్గర్. ఫ్రీక్వెన్సీ తెలీదు. హాలంతా మూడుసార్లు వెతికాం, బాంబు దొరకలేదు."

"వాయిదా వెయ్యొచ్చుగా సార్?"

"వేస్తే రేపట్నుంచి మళ్ళీ యుద్ధమే. సభకి యాంకర్ మీ ఆవిడే. ముందే పట్టుకుంటే ట్రిగ్గర్ ఉన్నవాడు జాగ్రత్తపడతాడు. కెమెరామన్‌గా వెళ్ళు. మైకు పెట్టు. విను. పనయ్యాక అరెస్ట్ చెయ్యి."

"ఇంకెవరూ దొరకలేదా సార్?"

"ఆమె గొంతు నీకు తెలిసినట్టు ఇంకెవడికి తెలుసయ్యా?"

పెట్టుడు గడ్డం, పాత టోపీతో చెవి హాల్లో దిగాడు. కెమెరా నెత్తిన ఉన్న గాడిలోకి వైర్‌లెస్ మైకు రిసీవర్‌ని జరిపి బిగించాడు. పొట్టి కేబుల్‌తో దాన్ని కెమెరా మైక్ సాకెట్‌కి కలిపాడు. ట్రాన్స్‌మిటర్లో కొత్త బ్యాటరీలు వేశాడు. స్కాన్ చేసి ఖాళీగా ఉన్న తొమ్మిదో చానెల్ ఎంచుకున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఈ మైకులో పలికింది కెమెరాకి, అతని చెవులకి తప్ప ఎవరికీ వినబడదు. సభికుల కోసం ఆమె చేతిలో హాలు వాళ్ళ మైకు వేరే ఉంది.

ఆమె వచ్చింది. ఆమెతో వచ్చిన బూడిదరంగు కోటు మేనేజర్ ఒకడు రెండడుగుల దూరంలో నీడలా నిలబడ్డాడు. చెవి ట్రాన్స్‌మిటర్‌ని ఆమె నడుముకి తగిలించి, కాలర్‌కి, గడ్డానికి జానెడు కిందుగా, మైకు క్లిప్పు పెట్టాడు. బట్ట రాపిడి వినబడకుండా తీగని చిన్న చుట్ట చుట్టి లోపల టేపుతో అంటించాడు. ఇద్దరూ ఒకే ఆఫీసులో ఏజెంట్లుగా ఉన్నప్పుడు ఇదంతా నేర్పింది ఆమే. టేపు రెండుసార్లు ఊడితే మళ్ళీ అంటించాడు.

"గడ్డం బాగాలేదు బావా," అంది ఆమె, పెదవులు కదపకుండా.

అతను అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది మాత్రం ఒక్కటే. "ఎందుకు?"

"చెప్తా. ముందు మైక్ సరిచూసుకో."

అతను కెమెరా దగ్గరికి వెళ్ళాడు. మేనేజర్ వింటుండగానే ఆమె గట్టిగా అంది: "మైక్ చెక్. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇరవై ఏడు, ఇరవై ఏడు."

చానెళ్ళ లెక్క తెలియని మేనేజర్‌కి అది మామూలు చెకింగే. చెవికి మాత్రం పెళ్ళైన కొత్తలో తామిద్దరూ చేసిన మొదటి మిషన్ గుర్తొచ్చింది. ఆ రోజు అతను రెండు మైకుల్నీ ఒకే చానెల్లో పెట్టేశాడు. గంటసేపు గరగర తప్ప ఏమీ రికార్డు కాలేదు. ఆమె పడీపడీ నవ్వి ఈ సామెతే చెప్పింది. అంటే ట్రిగ్గర్ పనిచేసేది ఇరవై ఏడులో. ఆ తప్పే మళ్ళీ చెయ్యమంటోంది. బాంబు ఎక్కడున్నా వేదిక దగ్గరే ఉంటుంది. పక్కనే ఆమె మైకు అదే చానెల్లో మోగుతుంటే, దూరంనుంచి వచ్చే ట్రిగ్గర్ సిగ్నల్ బాంబుకి అర్థం కాదు.

రిసీవర్ మీద బటన్ నొక్కి చానెల్‌ని ఇరవై ఏడుకి మార్చాడు. ఆమె నడుముకున్న ట్రాన్స్‌మిటర్ కూడా దానంతటదే మారింది. గొంతు ఇంకా స్పష్టంగానే వస్తోంది.

పన్నెండుకి నిమిషం ముందు రాయబారి పెన్ను తీశాడు. చప్పట్లు మోగాయి. మేనేజర్ తలుపు పక్క కుర్చీలోకి జారుకుని జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె చేతి మైకు దించి, కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది.

"బావా, వినబడుతోందా? నువ్వు జవాబు చెప్పలేవులే. ఎప్పుడూ నేనేగా మాట్లాడేది. ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయానంటే..."

గరగర!

మేనేజర్ ట్రిగ్గర్ నొక్కాడు. బాంబు పేలలేదు. వాడు వేలు తియ్యకుండా నొక్కుతూనే ఉన్నాడు. కాగితం వెనక ఆమె చెబుతూనే ఉంది. మూడేళ్ళుగా అతనికి నిద్ర లేకుండా చేసిన ప్రశ్నకి జవాబది. ఒక్క బటన్ నొక్కి చానెల్ మారిస్తే గరగర పోయి అతనికి ఆమె మాట వినబడుతుంది, కానీ బాంబుకీ ట్రిగ్గర్ వినబడుతుంది. అతని వేలు బటన్ మీదే ఉంది. అతను ఏడుస్తున్నాడు. వేలు మాత్రం కదపలేదు.

రాయబారి సంతకం పెట్టేశాడు.

మేనేజర్ ట్రిగ్గర్ పారేసి పిస్తోలు తీశాడు. ఆమె రాయబారికి అడ్డంగా వెళ్ళింది. ఒక్కటే తూటా, ఆమెకి తగిలింది. మరుక్షణం సభికుల్లో ఉన్న బాస్ మనుషులు వాడి మీద పడ్డారు.

గరగర ఆగిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో ఆమె ఊపిరి శుభ్రంగా, ఎంతో దగ్గరగా వినబడింది. నాలుగుసార్లు. తర్వాత హాల్లో జనం అరుపులే.

బాంబు వేదిక మీద ఆమె కూర్చున్న సోఫాలోనే దొరికింది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

సాయంత్రం బాస్ రికార్డింగ్ మూడుసార్లు వేయించాడు. "మాటలు ఒక్కటీ లేవు. పోనీ, పెదవుల కదలిక చూసి చెప్పేవాళ్ళున్నారు మన దగ్గర..."

"కాగితం అడ్డం పెట్టుకుంది సార్. ఆ జాగ్రత్త మనమే నేర్పాం."

బాస్ రికార్డింగ్ ఆపించాడు.

సామాను తిరిగి అప్పజెప్పేచోట గుమాస్తా ఫారం ముందుకు తోశాడు. "ఏమైనా ఇబ్బంది వచ్చుంటే రాయాలండీ."

చెవి రాశాడు: "వినాల్సిన మాట వినబడలేదు. మైకులో లోపమేమీ లేదు."