నూనె వాసన లేని ముడి

షార్లీన్ అపోలిస్ లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు. తడిసిన కోటుతోనే బల్ల అవతల నిలబడి, "రేపు మా నాన్నని జైలుకి తీసుకెళ్తారట అమ్మా! ఆయన చీమకి కూడా హాని చెయ్యడు. మీరే ఎలాగైనా కాపాడాలి" అంది.

డిటెక్టివ్ హెండ్రికా ఫోర్టైన్ టీ పక్కన పెట్టి సహాయకుడి వైపు చూసింది. లుథాండో కుర్చీ లాగి వేశాడు. ఒకప్పుడు బడిపంతులు. ఆరేళ్లుగా ఆవిడ వెనక తిరుగుతున్నాడు, ఒక్కరోజూ విసుక్కోలేదు.

సంగతి ఊరందరికీ తెలిసిందే. క్లైన్‌బాయ్ రేవు నుంచి పర్యాటకుల్ని తీసుకెళ్లి, ఇనపబోనులో నీళ్లలోకి దించి తెల్లసొర చేపల్ని చూపించే పడవల్లో రిక్కస్ లూట్స్‌ది ఒకటి. సోమవారం పర్యాటకులంతా బోనులోంచి పైకి వచ్చి పడవ కింది గదిలోకి చేరాక, సొరల్ని లెక్కపెట్టే పరిశోధకురాలు ఎల్స్‌బెత్ ఒక్కతే బోనులో దిగింది. తెల్లసొర వచ్చి గుద్దిందట. బోనుని పడవకి కట్టిన ముందువైపు తాడు ఊడి బోను మునిగింది. పైమూతకి కట్టిన ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. కత్తితో కోసి ఆమెని బయటికి తీసేసరికి ప్రాణం పోయింది.

ఆ ముడి కిత్తనార తాడుది. సొరలు మింగినా కడుపులో కరిగిపోవాలని ఎరలకి నారతాడే కడతారు. ఆ పడవలో ఎర పని చేసేది షార్లీన్ తండ్రి అపోలిస్ ఒక్కడే. పోలీసులకి అంతకన్నా ఏం కావాలి?

బోను రేవులోనే పడి ఉంది. తేలే డబ్బాలు ఎప్పుడో ఊడిపోయిన పాత బోను. మూతకి వేలాడుతున్న ముడిని హెండ్రికా తీసి లుథాండో ముక్కు దగ్గర పెట్టింది.

"ఏం వాసన?"

"ఉప్పు."

"ఇంకా?"

"ఇంకేం లేదు అక్కా."

ఆవిడ కత్తితో కోసిన చివర పురి విప్పి లోపలి పోగులు చూసింది. తెల్లగా ఉన్నాయి. ముడిని సంచిలో వేసుకుంది. అక్కడే గోడమీద ఏ పడవవాడో సుద్దతో రాశాడు: గురువారం, దీవి దగ్గర ఓర్కా తిమింగలాలు.

అపోలిస్ కొట్టంలో అడుగు పెట్టగానే లుథాండో ముక్కు మూసుకున్నాడు. చేపనూనె, నెత్తురు కలిసిన బకెట్లో తాళ్లు నానుతున్నాయి.

"ఎందుకు నానేస్తావు పెద్దాయనా?"

"పొడిగా కడితే, నీళ్లు తగలగానే ఉబ్బి రాయిలా బిగుస్తుందమ్మా. ముప్పై ఏళ్లుగా ఇంతే. మూతకి మాత్రం నైలాను తాడు, ఒక్క లాగుడికి ఊడే ముడి. ఆరోజు ఎవరు కట్టారో చూళ్లేదు. వెనక చేపతలలు కోస్తున్నా."

"సొర వచ్చిందా?"

ముసలాయన బకెట్లోకి చూశాడు. "వచ్చింది. అప్పుడు ఎరతాడు రెండు చేతులా పట్టుకుని ఉన్నా. 'ఎడమపక్క, మునుగు!' అని అరిచింది నేనే."

పర్యాటకులకి కబుర్లు చెప్పే టెస్సా ఆ సమయానికి వాంతులు చేసుకునేవాళ్లతో కింది గదిలో ఉంది. అయినా "నాలుగు మీటర్ల తెల్లసొర!" అంది తడుముకోకుండా.

లూట్స్ తన వ్యాను దగ్గర ఎండుమాంసం నములుతూ, "ఐదుంటుంది. ముసలాడికి కళ్లు మందగించాయి, మానుకోమంటే వినడు" అన్నాడు. వ్యానులో, గోనెపట్టా కింద కొత్త కిత్తనార చుట్ట కనిపించింది.

"అపోలిస్‌కా?" అంది హెండ్రికా.

"మరి నాకెందుకు?"

మర్నాడు పొద్దున్నే కొట్టంలో అందరినీ కూర్చోబెట్టింది. గుమ్మంలో కానిస్టేబులు నిలబడ్డాడు. హెండ్రికా ముడిని బల్లమీద పెట్టింది.

"దీనికి నూనె వాసన లేదు. అపోలిస్ బకెట్లో ఒక్కసారి మునిగిందంటే, ఏడు సముద్రాల్లో కడిగినా ఆ వాసన పోదు. ఇది కొత్తతాడు, పొడిగా కట్టింది. బిగుసుకుపోవాలనే, నేరం ముసలాయన నెత్తిన పడాలనే కట్టారు. ఇక సొర సంగతి. పోయిన గురువారం సొరల్ని వేటాడే ఓర్కాలొచ్చాయి. అవి వస్తే తెల్లసొరలు వారాల తరబడి ఈ ఛాయలకి రావని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. మరి గుద్దింది ఎవరు?"

టెస్సా ఏడవడం మొదలుపెట్టింది. "రోజూ అలాగే చెప్పిస్తారమ్మా. ఏ చేప కనబడినా తెల్లసొరే అనాలి. అలవాటైపోయింది, పోలీసులకీ అదే చెప్పేశాను."

"సొర లేకపోతే ముందువైపు తాడు విప్పింది మనిషే. టెస్సా కింద, అపోలిస్ వెనక రెండు చేతులా ఎరతాడుతో. ముందున్నది నువ్వే, లూట్స్. కొత్త కిత్తనార చుట్ట ఉన్నదీ నీ వ్యానులోనే. ఈ ఏడాది ఒక్క తెల్లసొర కూడా రాలేదని ఎల్స్‌బెత్ తన నోటు పుస్తకంలో రాసుకుంది, బుధవారం ఊరి సభలో అదే చెప్పబోయింది. చెబితే నీ పడవ ఎవడెక్కుతాడు?"

"నేనొక్కణ్ణేనా అబద్ధమాడింది?" లూట్స్ అరిచాడు. "రేవు మొత్తం ఆ కూడే తింది కదరా!"

కానిస్టేబులు అతన్ని తీసుకెళ్లాడు. షార్లీన్ తండ్రిని వాటేసుకుంది. ఆయన మాత్రం హెండ్రికానే చూస్తున్నాడు.

"లూట్స్ సైగ చేశాడు కదూ?" అంది ఆవిడ.

"రెండు వేళ్లెత్తాడు. ఎత్తితే సొర వచ్చిందని అరవాలి. పర్యాటకుల కోసం రోజూ అరిచేదే..."

హెండ్రికా ఎల్స్‌బెత్ నోటు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. మొదటి పేజీలో ఒకే వాక్యం: సొర వచ్చిందని అపోలిస్ చెబితేనే లెక్కలో రాయాలి, ఆయన నాతో అబద్ధమాడడు.

అది చూడగానే లుథాండోకి ఒళ్లు మండింది. ఆయనకి చూపించకుండా దాచెయ్యొచ్చు కదా అక్కా, అనబోయాడు. ముసలాయన ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"పద నాన్నా, ఇంటికెళ్దాం. అయిపోయింది" అంది షార్లీన్.

అపోలిస్ లేవలేదు. "నేనరవగానే నావైపు చూసి నవ్విందే తల్లీ" అన్నాడు. "నిజంగానే వచ్చిందనుకుని మునిగింది."