పది ఐదుకి పుట్టని వార్త

ఉదయం 11:20.

కలప యార్డులో నాలుగో దొంతర కింద యజమాని శవం దొరికింది. నడుం మీద మూడు దుంగలు.

దొంతర దొర్లకుండా అడుగున కొట్టే అడ్డుచెక్క నాలుగడుగుల దూరంలో పడి ఉంది. దాని మీద తాజా సుత్తి దెబ్బ. దొర్లిన దుంగలు రంపం మోటారు వైరును తెంపేశాయి. మీటరులో కరెంటు ఆగిన టైం 10:12.

సుత్తి దెబ్బ హత్య అంటోంది. మీటరు టైం చెబుతోంది. ఇక అందులో బేరం లేదు.

ఇన్స్పెక్టర్ శవం పక్కన గొంతుక్కూర్చుంది.

"వెంటనే పోయాడా డాక్టర్?"

"లేదు. ఇరవై ఐదు నిమిషాలు బతికే ఉన్నాడు."

అడ్డుచెక్కలు కొట్టేది యార్డు కూలీ. పట్టుకున్న దుంగను వదలడు కాబట్టి అందరూ ఉడుం అంటారు. ఇన్స్పెక్టర్ వచ్చేసరికే యార్డువాళ్లు అతన్ని స్తంభానికి కట్టేసి కొట్టారు. పెదవి చీలింది. ఎడమ కన్ను మూసుకుపోయింది.

"10:12కి ఎక్కడున్నావ్?"

"వెనక షెడ్డులో పలకలు పేరుస్తున్నాను మేడం."

"ఎవరైనా చూశారా?"

"ఒక్కణ్ణే."

"దుంగలు పడిన చప్పుడు వినలేదా?"

"పొద్దస్తమానం అదే చప్పుడు. ఏ దుంగ మనిషి మీద పడిందో ఎలా తెలుస్తుంది?"

యజమాని భార్య ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఏడుపు అయిపోయింది. లెక్క మొదలైంది.

"నిన్న మా ఆయన వీణ్ణి నలుగురిలో తిట్టాడు. కక్ష పెట్టుకున్నాడు. ఇంకెవరు చేస్తారు? వీడి పెళ్లాం పిల్లల్ని యార్డు గదిలోంచి సాయంత్రంలోగా పంపించేస్తాను."

"అమ్మగారూ, చిన్నదానికి జ్వరం," అన్నాడు ఉడుం.

"మా ఇంట్లో శవం."

నేరం మీదపడితే ఉడుముకు జైలు. ఇంట్లోవాళ్లకు వీధి. సాయంత్రానికి ఇంకా నాలుగు గంటలే టైముంది.

చనిపోయినవాడి తమ్ముడు పక్కనే ఉన్నాడు. రంపం ఆపేసి యార్డును అద్దెకివ్వాలని అన్న నెల కిందటే తేల్చేశాడు. ఇస్తే తమ్ముడికి కూర్చోవడానికి కుర్చీ కూడా మిగలదు.

"మీరెక్కడున్నారు?"

"రేవులో. అవతలి ఒడ్డున ఒక పార్టీని కలవాలి. ఇదిగో చూడండి."

ఫోన్ తీశాడు. ఏఐ చాట్‌బాట్‌ను అడిగిన ప్రశ్న, దాని జవాబు స్క్రీన్‌షాట్‌లో ఉన్నాయి. రేవు గేటు ముందు తీసుకున్న సెల్ఫీ కూడా ఉంది. రెండింటి మీదా టైం 10:05.

ప్రశ్న: ఇప్పుడు రేవులో లాంచీ ఉందా?

జవాబు: 10:30 లాంచీ రద్దయింది. ఇంజిన్ పాడైంది. తర్వాతిది 11:15కి.

కింద లాంచీ ఆఫీసు వెబ్ పేజీ లింకు.

"రేవు ఇక్కడికి ఎంత దూరం?"

"బండి మీద అరగంట. పది ఐదుకి అక్కడున్నవాణ్ణి పది పన్నెండుకి ఇక్కడికి ఎగిరి రాను కదా."

"ఫోన్ పుచ్చుకుని ఏది అడిగినా లైవ్ వెబ్‌లో వెతికి చెప్పమనే అడుగుతాడు మా మరిది," అంది వదిన. "పాత మాట చెబితే ఊరుకోడు."

"వ్యాపారం వదినా. నిన్నటి కబురు చద్ది సరుకు."

ఇన్స్పెక్టర్ బయటికి వెళ్లి రెండు ఫోన్లు చేసింది. మధ్యాహ్నం 2:10కి అందరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది. ఉడుం మాత్రం గోడకానుకుని నిలబడ్డాడు. చేతులకు బేడీలు.

"10:30 లాంచీలో జనం ఎక్కి కూర్చున్నారు," అంది ఇన్స్పెక్టర్. "10:33కి ఇంజిన్ ఆగిపోయింది. గుమస్తా వెబ్ పేజీలో పెట్టింది 10:41కి."

తమ్ముడి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ అతనికే చూపించింది.

"మీకు 10:05కే ఎలా తెలిసింది?"

"చాట్‌బాట్ చెప్పింది. అది తప్పులు కూడా చెబుతుంది మేడం, అందరికీ తెలుసు."

"చెబుతుంది. ఇది మాత్రం తప్పు కాదు. ఇంజిన్ పాడవడం నిజం. 11:15 నిజం. అరగంట తర్వాత జరిగేదాన్ని ముందే చెప్పడానికి అదేమన్నా జ్యోతిష్కుడా? గడియారం వెనక్కి తిప్పితే ఫోన్ మీ మాట వింటుంది. ఫొటో వింటుంది. వెబ్ వినదు. మీరు రేవుకి చేరింది 10:45కి."

ఆమె ఉడుం వైపు చెయ్యి చూపించింది.

"లైవ్ సెర్చ్ లేకుండా అడిగి ఉంటే పాత టైం టేబుల్ చదివేది. 10:30కి లాంచీ ఉందనేది. నేను నమ్మేదాన్ని. వీడు ఉరికంబం దాకా వెళ్లేవాడు."

తమ్ముడు మొహం తుడుచుకున్నాడు.

"అలవాటు," అన్నాడు.

"మీరు వెళ్లేటప్పుడు ఆయన బతికున్నాడు."

"ఉన్నాడు."

"ఏమన్నాడు?" వదిన అడిగింది.

"తమ్ముడూ అన్నాడు. రెండుసార్లు."

"నువ్వేం చేశావు?"

"బండి స్టార్ట్ చేశాను వదినా."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. జీపు ఎక్కేదాకా అతన్నే చూసింది.

ఇన్స్పెక్టర్ ఉడుం బేడీలు విప్పింది. అతను మణికట్టు రుద్దుకుంటూ యజమానురాలి ముందుకొచ్చాడు.

"అమ్మగారూ, నా తప్పు లేదని తేలింది. సామాన్లు గదిలోనే ఉంచుకోమంటారా?"

"ఎప్పుడు తేలింది?"

"ఇప్పుడే కదండీ."

"ఒంటిగంటకే కొత్త కూలీకి ఇచ్చేశాను. పెళ్లాం పిల్లల్తో దిగిపోయాడు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వాడేం తప్పు చేశాడని ఖాళీ చేయించమంటావు?"