మందను పడుకోబెట్టే పాట

తొమ్మిదో పాటలోకి కంబగిరి గాలి శబ్దాన్ని మూడోసారి తెచ్చి పెట్టాడు. స్టూడియోను నడిపే యంత్రం స్వరపాలిక మూడోసారీ తీసేసింది.

"పొడి శబ్దం. గీతంతో సంబంధం లేదు," అంది గోడలోంచి, మర్యాదగానే.

"సంబంధం లేకేం? అది ధూళికాలువ దాటే పాట. గాలి లేకుండా ఎట్ల దాటతారు?"

"అది తీసేస్తే శ్రోతల సౌఖ్యసూచిక నాలుగు అంకెలు పెరుగుతుంది."

కంబగిరి నవ్వుకుని, నాలుగోసారి పెట్టాడు. పదకొండు నెలలుగా ఇద్దరిదీ ఇదే వరస. ఇరుగుపొరుగులా పోట్లాడుకోవడం అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం మూడింటికి 'ఆవలి మేర' అనే పాటల వరసను గాజుకప్పుల కింద కట్టిన ఇరవయ్యారు ఊళ్ళలోనూ ఒకేసారి వినిపించాలి. అంగారకుడి దక్షిణ పల్లంలో మూపురగొడ్లను నాచుమేతల నుంచి ఉత్తరపు మంచుదాకా తోలుకెళ్ళే మందగాళ్ళ పాటలవి. మొత్తం పదకొండు పాటలూ కలిపి ఒకటే ప్రయాణం: బయల్దేరడం, కాలువ దాటడం, ఒక పిల్లకోసం ఇద్దరు మందగాళ్ళు కొట్టుకోవడం, ఆరుకాళ్ళ బండి నడిదారిలో కూలబడటం. పాటల వెనక, కళ్ళెం తీగలు బిగించిన గిటారు, ఒక మౌతార్గాన్. గాజుకప్పుల్లో జనం ఆ గొడ్ల పాలే తాగుతారు గాని, ఆవును కళ్ళతో చూసినవాళ్ళు తక్కువ.

పది పాటలు సిద్ధమయ్యాయి. పదకొండోది లేదు.

అది పాడాల్సిన సుంకులమ్మ స్టూడియో స్టూలు మీద, మోకాలిపైన టోపీ పెట్టుకుని కూర్చునుంది. అరవై రెండేళ్ళు. నలభై సార్లు మంద తోలింది. పది పాటలు ఈ గదిలోనే పాడింది. చివరిదానికి మాత్రం నోరు విప్పనంది.

"మందను పడుకోబెట్టే పాట అబ్బీ అది. మంద లేకుండా ఎవురికి పాడల్ల? ఈ కుర్చీకా?"

"సుంకులమ్మగారి గొంతు నమూనా నా వద్ద ఉంది," అంది స్వరపాలిక. "పదకొండో గీతాన్ని నేనే సిద్ధం చేశాను." వినిపించింది కూడా. అదే గొంతు, అదే జీర. ఎక్కడా శ్రుతి తప్పలేదు.

సుంకులమ్మ కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నది. "బాగుంది. నాకన్నా బాగా పాడింది," అంది. "కానీ ఎవుర్నీ పిలవలేదు."

కంబగిరి ఏదో అనబోయేంతలో పడమటి గాలి హెచ్చరిక మోగింది. బయటి దొడ్లో నాలుగువందల పన్నెండు గొడ్లున్నాయి. సుంకులమ్మ చప్పున లేచి టోపీ పెట్టుకుంది.

"కిందటేడు ఇట్లాంటి గాలికే మంద బెదిరి లోయలో పడె. ముప్పై పోయినాయి. నీ డబ్బాపాట నువ్వు వేసుకోప్పా, నేను పోతాండా."

తలుపు మూసుకుంది. నమూనా పాట బాగుంది. దాన్ని వేసేస్తే పదకొండు నెలల పని ముగిసి, సాయంత్రం హాయిగా ఇంటికి పోవచ్చు. అయినా వేలు దానంతటదే కదిలినట్టు కదిలి, ఆ నమూనాను చెరిపేసింది.

"పదకొండో స్థానం ఖాళీగా ఉంది," అంది స్వరపాలిక.

"ఖాళీ కాదు. దారిలో ఉంది," అని ముఖకవచం తగిలించుకుని, చేతిమైకు అందుకుని పరుగెత్తాడు.

మూడు కొట్టి ప్రసారం మొదలైంది. మొదటి పది పాటలకూ నలభై నిమిషాలు పడుతుంది. ముప్పై ఎనిమిదో నిమిషానికి దొడ్డి చేరాడు. గాలి ఎర్రగా లేస్తోంది. మూతులకు ప్రాణవాయువు సంచులు కట్టిన గొడ్లు కళ్ళు తేలేసి, కంచెను రొమ్ములతో తోస్తున్నాయి. వాటి మధ్యన సుంకులమ్మ పొలంలో నడిచినట్టు నిదానంగా నడుస్తోంది. కంబగిరి కంచె దూరి, ఆమె ముఖకవచం ముందు మైకు పట్టాడు. మైకు మీద ప్రసారపు పచ్చదీపం వెలిగింది.

"ఎర్రగాలీ ఎల్లిపో, ఎల్లిపో...
ఎన్నపూస పండుకుంటాంది."

ఎన్నపూస అనే ముసలావు చెవులు వాల్చి, ముందుకాళ్ళు మడిచింది. తర్వాత కొమ్ములరాణి. తర్వాత దొంగమూతి. పేరు విన్నది విన్నట్టు నేలకు దిగుతోంది. పేరు పిలవనిది మాత్రం నిలబడే ఉంది. తిక్కల్ది ఒక్కటే, ఎన్నిసార్లు పిలిచినా గంతులు మానలేదు.

చెవిలో ప్రసారాధికారి ఉసేనయ్య అరుపు. "కంబగిరీ! ఆ పాటకు నాలుగు నిమిషాలిస్తే ఇరవై అయిందప్పా! వార్తలు ఆగినాయి. నీళ్ళ శాఖామాత్యుడు ఉపన్యాసం పట్టుకుని బయట కూచోనుండాడు. ఇంకా ఎన్ని ఉండాయి?"

"మూడొందలకు తగ్గవు సార్."

"పాట నడుమ ప్రసారం తెంపకూడదని నిబంధన. రాసింది నేనే!" అంతలోనే ఉసేనయ్య గొంతు తగ్గించి, "మా ఇంట్లోనుంచి ఫోను. ఆ తిక్కల్ది పండుకునిందా అని అడుగుతాండారు," అన్నాడు.

"లేదు సార్. కంచె దగ్గర ఇంకా గంతులేస్తాంది."

"పండుకుంటే చెప్పు," అని పెట్టేశాడు.

నూరో పేరు దగ్గర సుంకులమ్మ గొంతు పగిలింది. అప్పుడు తూర్పు దొడ్డి నుంచి ఎవరో మందగాడు 'ఎల్లిపో, ఎల్లిపో' అని వంత అందుకున్నాడు. ఆ వెనక మరో దొడ్డి. ఆ తర్వాత గాజుకప్పుల్లోంచి కూడా మొదలై, ప్రసారం మీదుగా కంబగిరి చెవిలో పడింది. వంటిళ్ళలోంచి, బడుల్లోంచి, మంచుగనుల్లోంచి ఎవరికి వచ్చిన శ్రుతిలో వాళ్ళు.

"గాయకులు ఒకరు," అంది స్వరపాలిక కంబగిరి చెవిలో. "గాయకులు నలభై. గాయకులు... లెక్క నిలవడం లేదు. గీతానికి అంతం కనబడటం లేదు."

కంబగిరికి నవ్వాగలేదు. మైకు పట్టిన చెయ్యి నొప్పెడుతోంది, చెవుల్నిండా ఇసుక, అయినా ఇంత సంతోషం ఎన్నడూ ఎరగడు. కంచె మీద వొత్తిడి తగ్గింది. మంద బెదరలేదు. సగానికి పైగా నేల మీద నెమరేస్తోంది.

రెండొందల ఏడో పేరు తర్వాత సుంకులమ్మ పాట ఆపి, ముఖకవచంలోని నీళ్ళగొట్టం నోట్లో పెట్టుకుంది. వంత పాడేవాళ్ళూ ఆమెకోసం ఆగారు. ఇరవయ్యారు గాజుకప్పుల్లో చప్పుడు లేదు.

"మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని గీతానికి ముగింపుగా నమోదు చేయాలి," అంది స్వరపాలిక. కంబగిరి లోలోపల లెక్కపెట్టాడు. మూడు దాటింది. నాలుగు. అయిదు. పచ్చదీపం ఆరలేదు.

"కంబగిరీ," అంది చివరికి. "దొడ్డి కెమెరాలో చూస్తున్నాను, నీ ఎడమవైపు ఒక చారల పెయ్య నిలబడి ఉంది. దాని పేరేమిటి?"

కంబగిరి ఆ మాట సుంకులమ్మకు చెప్పాడు. ఆమె గొట్టం వదిలింది.

"మొన్ననే పుట్టె. ఇంకా పెట్టలేదు. పేరు ఆ గోడలోదాన్నే పెట్టమను."

"నాకు కొంత వ్యవధి కావాలి," అంది స్వరపాలిక.

"తీసుకోమను. పెయ్య యాడికీ పోదు," అని సుంకులమ్మ పక్కనున్న ఆవువైపు తిరిగి, మళ్ళీ పాట ఎత్తుకుంది.