మెట్లకోట ఆవిరిబండి

నాలుగు వందల మెట్ల కొండమీద మెట్లకోట అనే రాజ్యాన్ని ప్రచండసేనుడు ఏలుతుండేవాడు. ఏలుతుండేవాడు అంటే, పిల్లలూ, పొద్దున లేచి తలంటి పోయించుకుని, మూడు కూరలతో భోంచేసి, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం తనను పొగిడినవాళ్లకు శాలువాలు కప్పేవాడని అర్థం.

కోటకు నీళ్లు కింద ఏటినుంచి రావాలి. రాజుగారి తాత కాలంలో లోహకర్ణుడనే యక్షుడు దూరదేశంలో పరుగెత్తే పెద్ద రైలింజనును చూసి వచ్చి, సరిగ్గా అలాంటిదే నడుమెత్తు నమూనా ఒకటి చేసి కానుకగా ఇచ్చాడు. చిన్నదే అయినా దానికి పొయ్యి, నీళ్లు మరిగే కాగు, పొగగొట్టం, ఆవిరితో కూసే కూత అన్నీ ఉన్నాయి. పది పెట్టెల్లో నీళ్ల బిందెలు పెట్టుకుని, కొండ చుట్టూ వేసిన పట్టాలమీద రోజుకు ఆరుసార్లు పైకెక్కేది. "దారి మధ్యలో దీని ఊపిరి ఆగితే తోలేవాడి ఊపిరీ ఆగుతుంది, ఇది మళ్లీ నడిస్తేనే తిరిగొస్తుంది. అప్పుడే జాగ్రత్తగా చూసుకుంటాడు" అని యక్షుడు ఒక మెలిక కూడా పెట్టి వెళ్లాడు.

ఏడేళ్ల కిందట, తన పుట్టినరోజున రాజుగారు బండెక్కుతానన్నాడు. ఆయన ఎక్కితే పదకొండుమంది మంత్రులూ ఎక్కాలి కదా. బండి సగం కొండ ఎక్కి ఆగిపోయింది. తోలుతున్న పోలయ్య వెనక్కి తిరిగి రాజుగారితో ఏదో చెప్పబోతూ, తెరిచిన నోరు తెరిచినట్టే ఇత్తడి బొమ్మయిపోయాడు. మిగతా పన్నెండుమందికీ గోరు కూడా ఇత్తడి కాలేదు. ఎవరిమీద పడాలో శాపాలకు కూడా బాగా తెలుసు.

మరి ఆస్థానం ఏం చేసింది? సభ చేసింది. పోలయ్య "జయము జయము మహారాజా" అంటూ నోరు తెరిచాడని ప్రధానమంత్రి మధురవచనుడు తేల్చాడు. బండికి దిష్టి తగిలిందన్నారు. నిమ్మకాయలు కట్టారు. శుక్రవారం శుక్రవారం కాగులోకి పాలు, పెరుగు, తేనె పోసి అభిషేకాలు చేశారు. పొయ్యిలోకి తొంగిచూసినవాడు మాత్రం ఒక్కడు లేడు. వంగితే శాలువాకు మసి అంటుతుంది. ఆడవాళ్లు బిందెలతో నాలుగు వందల మెట్లూ ఎక్కుతూనే ఉన్నారు. తన స్నానానికి నీళ్లు అందుతున్నాయి కాబట్టి రాజ్యంలో నీటికి కొదవ లేదని రాజుగారి నమ్మకం.

పోలయ్య కూతురు నాంచారికి అప్పుడు పదేళ్లు, ఇప్పుడు పదిహేడు. కోట వంటింట్లో అంట్లు తోముతుంది, ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తుంది. ఒకరోజు చాటింపు వినబడింది. రాజుగారి నిలువెత్తు విగ్రహానికి ఇత్తడి చాలలేదట. వచ్చే పున్నమికి పోలయ్యను కరిగించి పోస్తారట.

నాంచారి తోముతున్న గిన్నె కింద పెట్టి, తడిచేతులతోనే నిండుసభలోకి నడిచింది.

"మహారాజా, బండి నడిస్తే మా నాన్న బతుకుతాడు. నేను బాగుచేస్తాను."

సభంతా నవ్వింది. "అంట్లపిల్లా! ఏడు దేశాల రాజకుమారులు వచ్చి చూసి వెళ్లారు, తెలుసా?" అన్నాడు మధురవచనుడు.

"తెలుసండి. చూసి వెళ్లారు."

రాజుగారు ఆవులించాడు. "పున్నమిదాకా చేసుకోనీ. కొలిమి ఎలాగూ సిద్ధం కాలేదుగా."

నాంచారి సగం కొండ దగ్గర ఆగి ఉన్న బండికింద వెల్లకిలా పడుకుని, పొయ్యిలోకి చెయ్యి పెట్టి తడిమింది. పొయ్యి కప్పుకు చిటికెన వేలు పట్టేంత చిల్లు తగిలింది. కింద బూడిదలో గడ్డకట్టిన సీసం బొట్లు దొరికాయి. ఆమెకు సంగతి అర్థమైపోయింది. వట్టి గిన్నె పొయ్యిమీద పెడితే కళాయి కరిగి కారుతుందని వంటింట్లో ఒకసారి తిట్లు తిన్న ఎవరికైనా తెలుసు. కాగులో నీళ్లు తగ్గాయి. ఆ చిల్లుకు యక్షుడు బిగించిన సీసపు బిరడా కరిగింది. ఉన్న కాసిని నీళ్లూ నిప్పుమీద పడి మంట ఆరింది. లేకపోతే కాగు పేలి పన్నెండుమందీ ఏటి అవతల పడేవాళ్లు.

కళాయి తగరంతో ఆ చిల్లు పూడ్చి చూసింది. పొయ్యి రాజెయ్యగానే కారిపోయింది. పైగా కూత ఉండాల్సిన చోట వట్టి బెజ్జం ఉంది. కూతను ఎప్పుడో ఒక రాక్షసుడు ఊడబెరుక్కుపోయాడు. ఇక యక్షుణ్ణే అడగాలి. కాస్త పిండి, రెండు రొట్టెలు మూటగట్టుకుని అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో ధూమముని హోమం దగ్గర కూర్చుని దగ్గుతున్నాడు.

"యక్షుడి కొండకు దారి చెబుతారా స్వామీ?"

"ఆడపిల్లవు, నీకెందుకు? ఈ అగ్నిని పొగ లేకుండా మండించు, చెబుతాను. పన్నెండేళ్ల తపస్సు చేసిన నావల్లే కాలేదు."

గుండంలో మోకాలిలోతు బూడిద ఉంది.

"బూడిద ఎప్పుడు ఎత్తారు స్వామీ?"

"బూడిద ఎత్తడం నా పనా?"

"అందుకే దగ్గడం మీ పనయింది."

నాంచారి బూడిద ఎత్తిపోసింది. కిందనుంచి గాలి ఆడి మంట భగ్గున లేచింది. ఇది తన తపస్సు మహిమేనని ముని మురిసిపోయి దారి చెప్పాడు. రాక్షసుడి గుహ దాటితే యక్షుడి కొండ.

గుహముందు బానకడుపు రాక్షసుడు, బండి కూతను మెడలో కట్టుకుని బుగ్గలు పగిలేలా ఊదుతున్నాడు. ఫుస్సుమని గాలి తప్ప ఏమీ రావడంలేదు. నాంచారిని చూడగానే గంగాళం ఎత్తి పొయ్యిమీద పెట్టాడు.

"వండుకు తింటానే పిల్లా!"

"వట్టి గంగాళం పొయ్యిమీద పెట్టావేమయ్యా! నిన్ను పెంచినవాళ్లు ఏం నేర్పారసలు? కళాయి కరిగిపోదూ?"

తల్లి పోయాక వాణ్ణి అలా కసిరినవాళ్లు లేరు. గబగబా వెళ్లి నీళ్లు తెచ్చి పోశాడు.

"మూతేదీ?"

మూత తెచ్చాడు. దానికి నడిమధ్య చిల్లుంది.

"ఇలా తే దాన్ని! ఆ మెడలోది ఇటివ్వు, చిల్లులో బిగిస్తాను. నీళ్లు తెర్లాక నన్ను వేద్దువుగాని. చన్నీళ్లలో వేస్తే రుచేముంటుంది?"

నాంచారి కూతను చిల్లులో బిగించి, మూతచుట్టూ తడిపిన పిండితో గట్టిగా మెత్తింది. నీళ్లు మరిగాయి. ఆవిరికి వేరే దారి లేదు. అడవి అదిరేలా కూత లేచింది. "బాబోయ్, గంగాళంలో ఎవరో ఉన్నారు!" అంటూ బానకడుపు రెండు గుట్టలు దాటి పారిపోయాడు. ఒళ్లు ఏనుగంత, గుండె ఆవగింజంత. నాంచారి కొంగు అడ్డుపెట్టి కూతను ఊడదీసుకుంది.

కొండమీద లోహకర్ణుడు కొలిమి ముందు కూర్చున్నాడు.

"బండికి ఏమైందో చెప్పు, సీసం ఇస్తాను. నా దగ్గరికి వచ్చిన రాజకుమారుల్లో ఒకడు గ్రహదోషమన్నాడు. ఒకడు పాపమన్నాడు. ఒకడు బంగారు బిరడా ఇమ్మన్నాడు."

"నీళ్లు తక్కువయ్యాయి. సీసం కరిగి కాగును కాపాడింది. బంగారమైతే అది కరిగేలోపు కాగు పేలేది."

యక్షుడు ముచ్చటపడి బిరడా చేతిలో పెట్టాడు. నాంచారి కదల్లేదు.

"ఇంకేమిటమ్మా?"

"తప్పు మీదీ ఉంది. నీళ్లు తగ్గాయని తోలేవాడికి తెలుస్తుంది. అయినా ఆపొద్దనేవాడు వెనక కూర్చుంటాడు. మీరు ఎవరి ఊపిరి ముడిపెట్టారు?"

యక్షుడు చేతిలోని సుత్తి కింద పెట్టాడు. "బండి చేశానుగాని మీ కోట సంగతి చూసుకోలేదు" అన్నాడు. "ఈసారి కూత కూసిన క్షణంనుంచి, పొమ్మని ఆజ్ఞ ఇచ్చినవాడికే ముడి."

పున్నమి ఇంక మూడు రోజులుందనగా నాంచారి కోటకు చేరింది. కాగులో ఏడేళ్ల అభిషేకాలు పెచ్చులు కట్టాయి. పాలూ తేనే ఎండి అడుగున రాయిలా పట్టాయి. చింతపండు పులుసు మరిగించి మూడుసార్లు పోసి, కొబ్బరిపీచు కట్టిన కర్రతో తోమింది. చక్రాలను ఆడించే కడ్డీ తుప్పుపట్టి బిగిసింది. నూనె పోసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు సడలించింది. దాని చుట్టూ ఆవిరి కారకుండా నెయ్యిలో నానబెట్టిన నూలుతాడు చుట్టింది. బిరడా బిగించింది. కూత అమర్చింది. శాలువాలు ముక్కులు మూసుకుని చూశాయి.

పున్నమినాడు పొద్దున పక్కనే కొలిమి రాజుకుంటోంది. ఏ పని ఎవరు చేసినా ముందు కూర్చునేది రాజుగారే కాబట్టి ఆయన మొదటి పెట్టెలో కూర్చున్నాడు. వెనక మంత్రులు.

"ఇంకా నాలుగు బిందెలు పొయ్యాలి ప్రభూ" అంది నాంచారి.

"ముహూర్తం దాటిపోతోంది. పోనియ్యి బండిని!"

"నీళ్లు చాలవు."

"పోనియ్యి అన్నానా!"

నాంచారి ఒక్కసారి తండ్రి తెరిచిన నోటివైపు చూసి, పిడి లాగింది. కూత కొండంతా మోగింది. చక్రం కదిలింది. పోలయ్య ముఖంలోంచి ఇత్తడి రంగు జారిపోయింది. ఏడేళ్లుగా తెరిచి ఉన్న నోరు మాట పూర్తిచేసింది.

"నీళ్లు తక్కువ ప్రభూ, దిగండి!"

అదీ ఆ జయజయధ్వానం.

"జయమనబోయి..." అని మధురవచనుడు ఏదో సర్దబోయాడు. ఇంతలో రాజుగారి కాలు ఠంగున మోగింది. బొటనవేలు ఇత్తడి. చూస్తుండగానే పాదం, మడమ. "ఆజ్ఞ తమరిదొక్కరిదే ప్రభూ" అంటూ మంత్రులు అటువైపునుంచి దిగిపోయారు.

"ఆపు! ఆపు!"

"దారి మధ్యలో ఆపితే దీని ఊపిరి ఆగుతుంది, దాంతో మీదీ. నీళ్లు తెండి" అంది నాంచారి.

పుట్టిన తర్వాత మొదటిసారి ప్రచండసేనుడు బిందె పట్టుకున్నాడు. బండి నత్తలా జరుగుతుండగా, రెండు వందల మెట్లు దిగి, రెండు వందలు ఎక్కి, మళ్లీ దిగి, ఠంగు ఠంగున మోగుతూ పరుగెత్తాడు. బిందెలెత్తుకున్న ఆడవాళ్లు మెట్లమీద పక్కకు జరిగి దారిచ్చారు. సాయం మాత్రం ఎవరూ చెయ్యలేదు. నాలుగో బిందె పోసేసరికి ఇత్తడి మడమ దిగి, పాదం దిగి, బొటనవేలి దగ్గర ఆగిపోయింది.

పోలయ్య తనకేసి చూస్తున్న పెద్దపిల్లను గుర్తుపట్టలేక తడబడ్డాడు. "ఎవరమ్మా నువ్వు? మా నాంచారి పోలికే..."

"నేనే నాన్నా."

పులుసుకు పగిలి నల్లబడ్డ ఆ చేతులు పట్టుకుని, "బూడిద ఎత్తావా తల్లీ?" అన్నాడు.

"ఎత్తాను" అంది. ఇద్దరూ ఏడ్చారు.

ఆరోజునుంచి బండి మళ్లీ ఆరుసార్లు కొండెక్కింది. దానిమీద పెత్తనమంతా నాంచారిది. బయలుదేరేముందు రాజుగారు స్వయంగా వచ్చి, మోకాళ్లమీద వంగి, కాగులో నీళ్లు చూసి వెళతాడు. అది ఆయన ప్రజావాత్సల్యమని ఆస్థానంలో పద్యాలు కట్టారు. విగ్రహం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఇత్తడి బొటనవేలు మాత్రం అలాగే ఉండిపోయింది. పండగొస్తే చాలు, రాజుగారు పెరట్లో పీటేసుకుని చింతపండుతో తోముకుంటాడు. తోమిపెట్టమని నాంచారిని ఒకసారి అడిగాడుగాని, ఆమెకు తీరికలేదు.