కూలిపోయిన లూసెర్నా చిరునామా

ప్రాణం పోయేటప్పుడు ఎలిసెయో చేతిలో అరిటాకు ఉంది. ఆకులో ఉడికిన కర్రపెండలం, దానిమీద కరకరలాడే పంది చర్మం, పుల్లటి క్యాబేజీ. రాజధాని మనాగువా బజారులో పొద్దుటిపూట అంతకంటే రుచైన టిఫిన్ లేదు. మోటార్ సైకిల్ మీద వచ్చినవాడు రెండుసార్లు కాల్చి జనంలో కలిసిపోయాడు. ఎలిసెయో నేలకొరిగాడు గానీ ఆకు మాత్రం వదల్లేదు.

అప్పటికే అతను సీక్రెట్ డిపార్టుమెంటుకి టెలిఫోన్‌లో ఒక్క వాక్యం చెప్పేశాడు: "ఉడుము ఊళ్లోకి వచ్చింది. శనివారం, కాఫీ లారీలు."

మధ్యాహ్నానికి సీక్రెట్ ఏజెంట్ ఫిదెన్సియో తన చీఫ్ ఎదుట కూర్చున్నాడు. కమాండర్ నూబియాకి అరవై దగ్గర పడ్డాయి. కాల్చినవాడు సాయంత్రం లోపే దొరుకుతాడని ఆమెకి తెలుసు. ఆమె దిగులు వాడి గురించి కాదు.

"కాఫీ తాగు. నేలమీద ఊడ్చిన గింజలే. మంచివన్నీ ఓడెక్కాయి," అంది.

"ఉడుము ఎవడు కమాండర్?"

"ఉత్తరాన ఉన్న పెద్దదేశం గూఢచారి. కోడ్ నేమ్ తప్ప ఏమీ తెలీదు. సరిహద్దు అవతల శిబిరాల్లో మన పిల్లలకే మందుపాతరలు పెట్టడం నేర్పింది వాడు. కిందటేడు మతగాల్పా కొండ రోడ్డు మీద పేలింది కూడా వాడి చేతి పనే."

ఫిదెన్సియో కప్పు కింద పెట్టాడు. కిందటేడు ఆ రోడ్డు మీద పేలిన లారీలో అతని చెల్లెలు అంపారో ఉంది. బడి పంతులమ్మ. సెలవుల్లో కాఫీ కోతకి వాలంటీరుగా వెళ్లింది. ఆమె సంచిలో అమ్మ పెట్టిన ఊరగాయ సీసా చెక్కుచెదరకుండా ఇంటికొచ్చింది. అమ్మ దాన్ని అలమరలో పెట్టింది. ఇంతవరకు మూత తియ్యలేదు.

"వాళ్లకి మన కొండలెందుకు కమాండర్?"

"కొండలతో పనిలేదురా నాయనా. కాఫీ అమ్మితే మనకి డాలర్లు. డాలర్లుంటే మందులు, పెట్రోలు, బడులు. కోత ఆగిపోతే జనం ఆకలితో మన మీదే తిరగబడతారు. అందుకని మన పిల్లలతో మన పిల్లల్నే చంపిస్తున్నారు. అలాగని మన తుపాకులు మనం చేసుకున్నవా? అవీ ఇంకో పెద్దదేశం ఓడల్లో వచ్చినవే. చచ్చేవాళ్లు మాత్రం రెండువైపులా మనవాళ్లే."

తలుపు తెరుచుకుంది. ముందు పరిమళం వచ్చింది, తర్వాత ఇవానియా వచ్చింది. ఒకప్పటి అందాల రాణి. ఇప్పుడు పెద్ద హోటల్లో ప్రేమపాటలు పాడుతుంది. ఉడుము ముఠాకి వార్తలు మోసేది ఆమేనని డిపార్టుమెంటులో అందరికీ తెలుసు.

ఫిదెన్సియో చెయ్యి పిస్టల్ మీదకి పోయింది. "ఈవిడ వాళ్ల మనిషి."

"వాళ్లూ అలాగే అనుకుంటున్నారులే," అంది ఇవానియా కుర్చీ లాక్కుంటూ. "మీ హీరోకి కాఫీ అక్కర్లేనట్టుంది, నేను తాగేస్తాను."

"మీకేం గిట్టుబాటు ఇందులో?"

ఆమె నవ్వు ఆరిపోయింది. "మా తమ్ముడు ఎర్విన్. పదిహేడేళ్లు. శిబిరానికి ఎత్తుకుపోయారు. మందుపాతరలున్న దారిలో ముందు వాణ్ణి నడిపించి, దారి బాగుందో లేదో చూశారు. వైర్‌లెస్‌లో ఆ ఆర్డర్ ఇచ్చింది ఉడుము. ఇప్పుడు అదే మనిషి నాకు ఫోన్ చేసి, 'ఏం రాజకుమారీ, బాగున్నావా?' అంటాడు. గొంతు తెలుసు. మొహం తెలీదు."

"దొరికితే వాణ్ణి నాకొదిలెయ్యండి," అన్నాడు ఫిదెన్సియో.

"నువ్వే నాకొదిలెయ్."

"ఎవరికీ వదిలేది లేదు," అంది నూబియా. "వాడు నాకు ప్రాణంతో కావాలి. శవాన్ని ఏ దేశమూ మాదని ఒప్పుకోదు. బతికున్నవాడి చేత ఒప్పించొచ్చు."

చిక్కల్లా వాణ్ణి గుర్తుపట్టడమే. అచ్చం పక్కనున్న మసాయా ఊరివాడిలా మాట్లాడతాడు. మొక్కజొన్న రొట్టెతో బీన్స్ కలుపుకుని తింటాడు. బాంబు పని ఎవరినీ నమ్మి అప్పగించడు, స్వయంగా వస్తాడు.

"లారీలు ఎక్కణ్ణుంచి బయల్దేరతాయని అడుగుతున్నాడు. ఏం చెప్పను?" అంది ఇవానియా.

నూబియా గోడమీది ఊరి పటం వైపు చూసింది. "లూసెర్నా సినిమాహాలు నుంచి సరస్సు వైపు ఒక వీధి. అంతే చెప్పు."

ముందు నవ్వింది ఫిదెన్సియో. మనాగువాలో వీధులకి పేర్లుండవు, ఇళ్లకి నంబర్లుండవు. భూకంపంలో ఊరు సగం నేలమట్టమైనా చిరునామాలు మాత్రం కూలలేదు. లూసెర్నా కూలిన చోట ఇప్పుడు గడ్డి పెరిగి ఆవు మేస్తోంది. ఓనరు ఊరి ఆ చివర అదే పేరుతో, అదే నియాన్ బోర్డుతో ఇంకో హాలు కట్టాడు. అయినా లూసెర్నా అంటే ఊరివాళ్లకి ఆ ఆవు మేసే చోటే. రెండోది 'కొత్త లూసెర్నా'. బోర్డు నమ్మి అక్కడికి పోయేది పరాయివాడే.

"ఎవరినైనా అడిగితే?" అన్నాడు.

"అడిగితే పరాయివాడని బయటపడతాడు. ప్రాణం పోయినా అడగడు," అంది నూబియా. "లారీల్ని వేరే చోటికి మారుస్తాను. కొత్త లూసెర్నాకి కరెంటు తీయిస్తాను. జనం ఉండరు."

శనివారం పొద్దున ఫిదెన్సియో అతికించుకున్న మీసాలతో, చేతిలో లాటరీ టికెట్లతో కొత్త లూసెర్నా ముందు నిలబడ్డాడు. మీసం దురద. చెవిలో బఠాణీ గింజంత రిసీవర్. ఎదురుగా చూశాడు.

కరెంటయితే పోయింది గానీ జనం పోలేదు. హాలు ముందు బారెడు క్యూలో పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ కరెంటు కోసం ఎదురుచూస్తున్నారు. రోజూ కరెంటు పోయే ఊళ్లో అది చూసి ఇంటికెళ్లేదెవరు? ఈ మాట తమ ముగ్గురిలో ఒక్కరికీ తట్టకపోవడం అతనికి సిగ్గనిపించింది.

క్యూ పక్కన మూడు ఐసు బళ్లున్నాయి. రంగురంగుల పాకం సీసాలు ఎండకి మెరుస్తున్నాయి. నాలుగోది సరస్సు వైపు వీధిలోంచి తిరిగొస్తోంది. తోస్తున్నవాడు అక్కడ లేని లారీల కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. బండిని పిల్లల పక్కన, మిగతా బళ్లతో కలిపి ఆపి, చెయ్యి తుడుచుకుని, చేతి గడియారం చూసుకున్నాడు.

తలకి గుడ్డ చుట్టుకుని బట్టల మూట మోస్తున్న ఆడమనిషి ఆ బండి దగ్గర ఆగి, బొంగురు గొంతుతో అడిగింది. "చింతపండు పాకం వేసి ఒకటియ్యి అన్నా."

"చింతపండు లేదమ్మా. ఇంకోచోట చూసుకో." వాడు బండి వదిలేసి నడక మొదలెట్టాడు.

ఆమె లిప్‌స్టిక్ తీసి పెదవుల దగ్గర పెట్టుకుంది. అందులో ఉన్నది మైకు. ఫిదెన్సియో చెవిలో ఇవానియా గొంతు: "వీడే. ఆ గొంతే."

లాటరీ టికెట్లు గాల్లోకి ఎగిరాయి. ఫిదెన్సియో వాడి మణికట్టుకి ఒక బేడీ, బండి పిడికి ఇంకో బేడీ బిగించాడు. ఇది అసలైన ఉడుం పట్టు.

"ఏంటయ్యా ఇది? పొట్టకోసం ఐసు అమ్ముకునేవాణ్ణి."

"ఐసు కింద ఏముంది? ఆపు."

వాడు బేడీ లాగి చూశాడు. ఇవానియా పిల్లల వైపు పరిగెత్తింది. "పొండి, దూరంగా పొండి."

"లైన్ పోతుందక్కా," అన్నాడు ముందున్నవాడు. వెనకవాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు.

ఫిదెన్సియో బేడీల తాళంచెవి తీసి మురిక్కాలవలోకి విసిరేశాడు. తర్వాత బండి పక్కన అరుగు మీద కూర్చుని మీసం పీకేసుకున్నాడు.

"నీ బండి, నీ టైమర్. ఆపితే ఆపు. లేకపోతే ఇద్దరం ఇక్కడే ఉందాం. కిందటేడు మతగాల్పా రోడ్డు మీద మా చెల్లెలు పోయింది. నాకు తొందరేం లేదు."

ఆ పిల్లలు లేకపోతే, వీడు ఆపకపోతేనే బాగుండుననిపించేది. ఆ కోరిక తన కళ్లలో వాడికి కనబడేలా చూశాడు.

వాడికి కనబడింది. మొహమంతా చెమట పట్టింది. ఖాళీ చేత్తో ఐసు తవ్వాడు. ఎర్ర పాకం మోచేతి దాకా కారింది. అడుగునున్న డబ్బా మూత లాగి, తీగలు వెతికాడు. టైమర్ ముల్లు చివరి గీతను తాకబోతుండగా డిటొనేటర్ ఊడివచ్చింది.

సరిగ్గా అప్పుడే పిల్లలంతా కేరింతలు కొట్టారు. కరెంటొచ్చింది.

ఇవానియా బండి అడుగునుంచి గోధుమరంగు సీసా పైకి తీసింది. "చింతపండు లేదన్నావు?" గుప్పెడు ఐసు మీద పాకం పోసుకుని కళ్లు మూసుకుని తింది. తర్వాత వాడి చెవి దగ్గరికి వంగింది. "ఎర్విన్. వల్లె వేసుకో. పేపరువాళ్ల ముందు నువ్వు చెప్పే మొదటి పేరు అది."

"రెండోది అంపారో," అన్నాడు ఫిదెన్సియో. "ముందు వరసలో మా అమ్మ కూర్చుంటుంది. ఒడిలో ఒక సీసా ఉంటుంది. నువ్వు ఆమెనే చూస్తూ చెబుతావు."

వాడు తల దించుకున్నాడు. వాడి గొంతులోని మసాయా యాస ఎక్కడికి పోయిందో గానీ, ఏదో పరాయి భాషలో గొణుక్కున్నాడు.

ఫిదెన్సియో వైర్‌లెస్ తీసి జైలు జీపు డ్రైవరుని పిలిచాడు. "లూసెర్నా దగ్గరికి రా. కొత్త లూసెర్నా. పెద్ద నియాన్ బోర్డుంది, వెలుగుతోంది కూడా."



"అలా చెబితే నాకెలా తెలుస్తుంది బాబూ?" అన్నాడు డ్రైవరు విసుగ్గా. "అక్కడ కూలిపోయిందేదైనా ఉంటే చెప్పు."