చప్పిడి మెతుకులు

రైలు ఆమదాలవలస చేరేలోపు జయకృష్ణ బూట్ల తాళ్ళు విప్పి కట్టాడు, కట్టి విప్పాడు. ఎదుటి సీటు ముసలావిడకి అనుమానం వచ్చి సంచి దగ్గరికి లాక్కుంది.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం ఒడ్డు పట్టుకుని నడిచిన మనిషి అతను. ఉప్పుటేరుల్లో నడుం లోతు దిగాడు. తుపాను గాలికి వలల పాకలో తలదాచుకున్నాడు. అప్పుడు వెయ్యని భయం ఇప్పుడు ఫ్యాన్ కింద కూర్చుంటే వేస్తోంది.

భయం పేరు హైమ. వరసకు మరదలు. వాళ్ళ నాన్న జగన్నాధం అరసవల్లి గుడి వీధిలో పూజసామాన్ల కొట్టు నడుపుతాడు. నడకకు బయల్దేరే ముందు ఆ కొట్టు మెట్ల మీదే జయకృష్ణ మనసులో మాట చెప్పేశాడు. హైమ కుంకుమ పొట్లం కడుతూ, తలెత్తకుండానే జవాబిచ్చింది.

"జిమ్ము మానేసినావు. గిటారు అటకెక్కించినావు. బ్యాంకు కోచింగ్ సగంలో ఒగ్గేసినావు. రేపు నన్నూ అలాగే ఒగ్గేస్తావు. ఏదైనా ఒక్కటి ఆఖరు దాకా సేసి రా బావా, అప్పుడు సెప్తాను."

ఆ మాట పట్టుకునే నడిచాడు. కాకినాడ దాటాక స్నేహితుడు నరేష్ ఫోన్ చేశాడు.

"ఒరే, హైమకి రాజాం సంబంధం వచ్చినాది. బట్టల కొట్టువోళ్ళు. ఆదివారం ఆదివారం ఉప్పు మానేసి సూర్యనారాయణమూర్తికి మొక్కు కూడా సేస్తన్నాదట. సంబంధం కుదరాలని కాకపోతే మరేటికిరా?"

జయకృష్ణకి రోషం వచ్చింది. హైమ ఫోన్లు ఎత్తడం మానేశాడు. తర్వాత వానకు ఫోనే తడిసి చచ్చిపోయింది. నడక మాత్రం మానలేదు. మానితే ఆమె అన్నది నిజమైపోతుంది.

తడలో ఎవరిదో ఫోన్ అడిగి కోటబొమ్మాళిలో ఉన్న అమ్మకు కబురు చెప్పాడు. "ముందు అరసవల్లి ఎళ్ళి దండమెట్టుకో. మావయ్యింట్లో బోంచేసి ఇంటికి రా" అంది ఆవిడ. కాదనడానికి కారణం చెప్పాలి, కారణం అమ్మకు చెప్పేది కాదు.

ఆదివారం కావడంతో గుడి వీధిలో ఆటోలు కదలడం లేదు. దిగి కుంటుకుంటూ వెళ్ళాడు. దేవుడి ముందు నిలబడితే ఏం కోరుకోవాలో తెలియలేదు. రాజాం సంబంధం తప్పిపోవాలని అడగడానికి నోరు రాలేదు. కుదరాలని అడిగేంత మంచివాడూ కాదు. ఊరికే దండం పెట్టి బయటపడ్డాడు.

కొట్టులో హైమే ఉంది. అతన్ని చూడగానే కళ్ళు పెద్దవయ్యాయి, ఆ వెంటనే చిన్నవయ్యాయి.

"ఏటి కావాలండీ?"

"నానే, హైమా."

"గడ్డాలోళ్ళు శానామంది వస్తారు. ఫోన్లెత్తనోళ్ళ మొహాలు నాకు గుర్తుండవు."

"ఫోన్ తడిసిపోయినాది."

"తడవకముందో?"

ఆమె కింది పెదవి వణికింది. అది కోపమో మరొకటో పోల్చుకునే ధైర్యం అతనికి లేదు.

"లోపలికెళ్ళు. అమ్మ వడ్డిస్తాది."

హైమ తల్లి పద్మకుమారి "ఎంత సిక్కిపోయినావురా" అంటూ విస్తరి వేసి ఆనపకాయ పులుసు పోసింది. పక్కన జగన్నాధం, ఎదురుగా హైమ కూర్చున్నారు. హైమకి మాత్రం వేరే గిన్నెలోంచి పప్పు పడింది. చప్పిడి పప్పు. నరేష్ చెప్పింది నిజమే. జయకృష్ణ కలిపిన ముద్ద విస్తట్లోనే పెట్టేశాడు.

"రాజాం వోళ్ళు మంచోళ్ళేనా మావా?"

"మంచోళ్ళే" అన్నాడు జగన్నాధం. "అందుకే మర్యాదగా వద్దని సెప్పి పంపేసినాం."

"ఎవులు వద్దన్నారు?"

"అదిగో, సప్పిడి కూడు తింతన్నాది, దాన్నడుగు."

జయకృష్ణ మరదలి వైపు తిరిగాడు. "మరి మొక్కు?"

హైమ ముద్ద కలుపుతూనే ఉంది. "నువ్వు నడక మొదలెట్టిన నాటి నుంచీ తింతన్నాను ఈ సప్పిడి. నీ కాళ్ళు సల్లగుండాలని. తుపానని టీవీలో సూపించినప్పుడు మొక్కు మార్సుకున్నాను. సగంలో ఒగ్గేసినా పర్లేదు, మనిషొస్తే సాలని."

అతని కళ్ళు నిండాయి. రోషంతో ఎత్తని ఫోన్లన్నీ ఇప్పుడు ఒక్కసారే మోగుతున్నట్టుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, సంతోషం చావనివ్వలేదు.

పద్మకుమారి ఉప్పు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "మా ఇంట్లో ఒక పద్ధతున్నాది బాబూ. ఎవులి కోసం ఉప్పు మానితే వోళ్ళే వచ్చి ఇస్తరిలో ఉప్పెయ్యాల. అప్పుడే మొక్కు తీరినట్టు."

జయకృష్ణ చిటికెడు తీద్దామనుకున్నాడు. కంగారులో గుప్పెడంత వచ్చింది. వచ్చిందంతా పప్పన్నంలో పడింది.

హైమ కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఎక్కువైపోయినాది. ఒగ్గేయ్ హైమా, వేరేది పెట్టుకో."

"సగంలో ఒగ్గేసే అలవాటు నాకు లేదు బావా" అంది హైమ. విస్తరి దగ్గరికి లాక్కుని, నీళ్ళు తాగుతూ, ముక్కు ఎగబీలుస్తూ, ఆఖరి మెతుకు దాకా తినేసింది.

జగన్నాధం లేచి చెయ్యి కడుక్కున్నాడు. "పంతులుగారు ఇంటికాడే ఉంటారు. మీ అమ్మకి ఫోన్ కలుపుతాను, ఉండు" అన్నాడు.